వెబ్‌సైట్‌కు రంగులు: ఏ సలహా ఎంతవరకు నిలుస్తుంది?

కొత్తగా వెబ్‌సైట్ పెట్టుకునేవారికి రంగుల దగ్గరికి వచ్చేసరికి సలహాలకు కొదవ ఉండదు. నీలం వాడితే నమ్మకం కలుగుతుందని ఒకరంటారు. రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉన్నవాటిని జోడిస్తే పొందిక దానంతటదే కుదురుతుందని మరొకరంటారు. రెండు రంగులూ జనం ముందు పెట్టి, ఎక్కువ క్లిక్కులు ఏది తెస్తే దాన్నే ఉంచుకోమని ఇంకొకరంటారు. ఈ మాటల్లో కొన్ని అద్దకపు కార్ఖానాల్లో పుట్టాయి, కొన్ని మనస్తత్వశాస్త్ర ప్రయోగాల్లో, మరికొన్ని ప్రకటనల వ్యాపారంలో. పుట్టిన చోట్లు వేరైనట్టే వాటి బలమూ వేరు. ఆ సలహాలను ఒక్కొక్కటిగా పరీక్షించి చూస్తే నాకు తేలిన విషయం ఇది: ముదురు–లేత తేడాను ముందు తేల్చుకోవాలి, అది ఎరుపా, నీలమా అన్నది తర్వాత తేల్చుకోవాలి. వాడుకలో ఎక్కువగా జరుగుతున్నది దీనికి తలకిందులు. ఇష్టమైన రంగు ముందే ఖాయమైపోతుంది, దాని మీద అక్షరాలు కనబడతాయా లేదా అన్న ప్రశ్న చివర్లో వస్తుంది.

తెర పెట్టిన హద్దులు

వెబ్ తొలినాళ్ళలో రంగుల ఎంపిక దాదాపు లేదు. 1993లో వచ్చిన మొజాయిక్ బ్రౌజర్‌లో పేజీ బూడిద రంగులో, లింకులు నీలంలో ఉండేవి. నీలం లింకు అలవాటు ఈనాటికీ పోలేదు. ఆ తర్వాత రచయితలు తమకు నచ్చిన రంగులు పెట్టుకునే వీలు వచ్చింది గాని, అప్పటి చాలా కంప్యూటర్లు ఒకసారి 256 రంగులే చూపగలిగేవి. అందుకని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి ఆరు మెట్లు పెట్టి, ఆరు ఆర్ల ముప్పై ఆరు, దాన్ని మళ్ళీ ఆరుతో హెచ్చించి 216 'సురక్షిత' రంగులు ఏర్పరిచారు. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీ పద్ధతి తెరలన్నిటికీ ఒక ఉమ్మడి కొలత ఇచ్చింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 0 నుంచి 255 వరకు మెట్లు ఉన్న ఈ లెక్కలో మొత్తం రంగులు 1,67,77,216.

కొరత తీరిపోయాక ఇబ్బంది మరోవైపు నుంచి వచ్చింది. కోటీ అరవై ఏడు లక్షల రంగుల్లోంచి అయిదారింటిని ఏరుకోవడానికి ఏదో ఒక సూత్రం కావాలి. ఆ వెతుకులాటలో మొదట చేతికి దొరికింది చిత్రకారుల రంగుల చక్రం.

చక్రం చెప్పే పొందిక

రంగులను వలయంగా పేర్చిన పని న్యూటన్ 1704లో ప్రచురించిన 'ఆప్టిక్స్' గ్రంథంలో కనిపిస్తుంది. చక్రంలో ఎదురు రంగులు, సమదూరంలోని మూడు రంగులు, పక్కపక్క రంగులు అంటూ జోడింపుల సూత్రాలను 20వ శతాబ్దంలో బడి పాఠంగా స్థిరపరిచినవారిలో ముఖ్యుడు జొహానెస్ ఇటెన్. ఆయన పెద్ద గ్రంథం 1961లో వచ్చింది. ఇవాళ ఇంటర్నెట్‌లో రంగుల జోడీలు తయారుచేసి ఇచ్చే పనిముట్లు చాలావరకు ఆ సూత్రాలనే లెక్కల్లోకి మార్చుకున్నాయి.

ఆ సూత్రాలు జనం ఇష్టాలతో సరిపోతాయా అని పరీక్షించినప్పుడు ఫలితం వాటికి అనుకూలంగా రాలేదు. 2011లో కారెన్ ష్లాస్, స్టీఫెన్ పామర్ చేసిన ప్రయోగాల్లో జనానికి ఎదురు రంగుల జోడీ కంటే దగ్గరి రంగుల జోడీయే పొందికగా తోచింది. ఒకే రంగులో ముదురు, లేత కలిసినప్పుడు వాళ్ళు బాగా ఇష్టపడ్డారు. అదే ఏడాది పీటర్ ఓ డోనొవన్, అసీమ్ అగర్వాలా, ఆరన్ హెర్ట్స్‌మన్ కలిసి, వాడుకరులు తయారుచేసి మార్కులు వేసుకున్న రంగుల వరసలను పెద్ద ఎత్తున విశ్లేషించారు. చక్రం మీద గీసిన మూసలకు జనం ప్రత్యేకంగా మొగ్గు చూపుతున్నారనడానికి వాళ్ళకు బలమైన ఆధారం కనబడలేదు.

ఇదే సంప్రదాయంలో నిలిచిన సత్యం వేరే ఉంది. పారిస్‌లోని గోబ్లాఁ కార్ఖానాలో అద్దకాల విభాగానికి అధిపతిగా పనిచేసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్, నేతలో కొన్ని రంగులు వెలవెలబోతున్నాయన్న ఫిర్యాదులను పరిశీలించాడు. లోపం అద్దకంలో కాదు, పక్కన నేసిన దారం రంగులో ఉందని గుర్తించాడు. 1839లో ఆయన ప్రచురించిన ఈ సూత్రాన్ని 1963లో జోసెఫ్ ఆల్బర్స్ తన పాఠాలతో మళ్ళీ నిరూపించాడు: రంగు ఒంటరిగా కనబడదు, పక్క రంగు దాన్ని మారుస్తుంది. వెబ్‌సైట్ పనిలో దీని అర్థం సూటిగా ఉంటుంది. తెల్ల కాగితం మీద విడివిడి గళ్ళలో చూసి రంగును ఒప్పుకోకూడదు. అసలు పేజీలో, అసలు ఫొటోల పక్కన, అసలు అక్షరాలతో పెట్టి చూడాలి. పెద్ద గడిగా చూసినప్పుడు నిండుగా ఉన్న నీలం సన్నటి అక్షరంగా మారితే నలుపులా కనిపిస్తుంది. లేత ఆకుపచ్చ అయితే అసలు కనిపించకుండానే పోతుంది.

మనసు మీద రంగు

నీలం నమ్మకం, ఎరుపు తొందర, పచ్చ ఆరోగ్యం అని పట్టికలు వేసి ఇచ్చే సలహాకు ప్రచారం చాలా ఎక్కువ. ఇందులో కొంత నిజం లేకపోలేదు. దోమిసెలె యొనౌస్కైతె బృందం 30 దేశాల్లో 4,598 మందిని అడిగి 2020లో ప్రచురించిన అధ్యయనంలో రంగులకు, భావాలకు మధ్య జతలు దేశాల మధ్య చాలావరకు కలిశాయి. అయితే అందులో చూపించినవి రంగుల పేర్లు, రంగులు కావు. పైగా ఎరుపును జనం ప్రేమతోనూ జతచేశారు, కోపంతోనూ జతచేశారు. ఒకే రంగుకు ఈ రెండు భావాలూ ఉన్నప్పుడు, బటన్ మీద ఎరుపు పెడితే చూసేవారికి ఏది కలుగుతుందో పట్టికను బట్టి చెప్పలేం. పరీక్షకు ముందు ఎరుపు చూస్తే మార్కులు తగ్గుతాయని 2007లో పేరు తెచ్చుకున్న ఆండ్రూ ఎలియట్ బృందం ఫలితం కూడా ఆ తర్వాతి ప్రయోగాల్లో నిలకడగా రాలేదు.

పామర్, ష్లాస్ 2010లో ఇచ్చిన వివరణ నాకు మరింత ఉపయోగకరంగా తోస్తుంది. మనుషులు తాము ఇష్టపడే వస్తువుల రంగులను ఇష్టపడతారని వాళ్ళు చూపారు. రంగు అర్థం జీవితంలోంచి వస్తుందన్నమాట. అలాంటప్పుడు ఆ జీవితం ఎవరిది, ఎక్కడిది అన్నది ముఖ్యమవుతుంది. మన షేర్ మార్కెట్ పేజీల్లో పచ్చ పెరుగుదల, ఎరుపు పతనం. చైనాలో ఎరుపు పెరుగుదల, పచ్చ పతనం. అక్కడి మదుపరి మన పట్టిక చూస్తే లాభాన్ని నష్టంగా చదువుకుంటాడు.

తెలుగు నేల మీద రంగుకు మరో బరువు కూడా ఉంది. పసుపు శుభకార్యపు రంగు, తెలుగుదేశం జెండా రంగు కూడా. గులాబీ అనగానే తెలంగాణలో ఒక పార్టీ గుర్తుకొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాలకు అప్పటి పాలక పార్టీ రంగులు వేశారన్న వివాదం హైకోర్టుకు వెళ్ళింది. వాటిని తొలగించాలని 2020లో హైకోర్టు ఆదేశించింది, సుప్రీంకోర్టులోనూ ప్రభుత్వానికి ఊరట దొరకలేదు. ఒక జిల్లా కార్యాలయమో, సహకార సంఘమో, వార్తాపత్రికో తన వెబ్‌సైట్‌కు నిండు పసుపు, నిండు గులాబీ, లేదా నీలం–తెలుపు–ఆకుపచ్చల జోడీ వేసేముందు చూసేవారు దాన్ని ఎలా చదువుకుంటారో ఆలోచించాలి. 'పసుపు ఉల్లాసం' అని చెప్పే పట్టికలో ఈ సంగతి ఉండదు.

తొలి ముద్ర గురించిన పరిశోధన కూడా చూడదగ్గది. గిట్టె లిండ్‌గార్డ్ బృందం 2006లో చూపినదాన్ని బట్టి, పేజీ బాగుందో లేదో అన్న అభిప్రాయం 50 మిల్లీసెకన్లలో ఏర్పడిపోతుంది. కాథరినా రైనెకె, క్రిస్టోఫ్ గయోస్ దాదాపు 40 వేల మంది నుంచి 24 లక్షల అంచనాలు సేకరించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఎంత రంగులమయంగా ఉంటే నచ్చుతుందన్నది వయసును, దేశాన్ని, చదువును బట్టి మారుతుందని తేలింది. అందరికీ నచ్చే రంగుల వరస కోసం వెతకడం కంటే, మన పాఠకులెవరో తెలుసుకోవడం మీద పెట్టిన శ్రమకు ఫలితం ఎక్కువ.

క్లిక్కుల లెక్క

మూడో మార్గం కొలిచి చూడడం. ఇందులో అందరూ చెప్పుకునే కథ గూగుల్‌ది. లింకులకు 41 రకాల నీలాలను వాడుకరుల మీద పరీక్షించారు. ఆ ఎంపిక వల్ల ఏడాదికి 20 కోట్ల డాలర్ల అదనపు ఆదాయం వచ్చిందని ఆ సంస్థ అధికారి డాన్ కోబ్లీ 2014లో చెప్పారు. అదే పద్ధతితో విసిగి, ప్రతి చిన్న నిర్ణయానికీ అంకెల రుజువు అడిగే చోట పనిచేయలేనని డిజైనర్ డగ్లస్ బౌమన్ 2009లో ఆ సంస్థను వదిలివెళ్ళారు. కోట్ల మంది రోజూ వచ్చే చోట సూక్ష్మమైన తేడాలు కూడా అంకెల్లో తేలతాయి. రోజుకు కొన్ని వందల మంది వచ్చే చోట అలాంటి పరీక్షలో కనబడే తేడా చాలాసార్లు కాకతాళీయమే.

2011లో మార్కెటింగ్ సాఫ్ట్‌వేర్ సంస్థ హబ్‌స్పాట్ ప్రచురించిన ఒక పరీక్షలో ఎర్ర బటన్‌కు ఆకుపచ్చ బటన్ కంటే 21 శాతం ఎక్కువ క్లిక్కులు వచ్చాయి. ఎరుపే గెలుపు రంగు అన్న ప్రచారానికి అది ఆధారమైంది. కానీ ఆ పేజీలో అప్పటికే ఆకుపచ్చ పరుచుకుని ఉంది. చుట్టూ ఉన్నవాటికి భిన్నంగా ఉన్నది గుర్తుంటుందని హెడ్విగ్ ఫాన్ రెస్టార్ఫ్ 1933లోనే ప్రయోగాలతో చూపింది. ఎర్రటి పేజీలో పచ్చ బటన్ పెట్టినా అది అంతే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దీన్నుంచి నేర్చుకోవాల్సింది, ముఖ్యమైన పనికి ఒక రంగును కేటాయించి, ఆ రంగును పేజీలో ఇంకెక్కడా అలంకారానికి వాడకపోవడం.

కనబడటం అనే షరతు

ఇప్పటివరకు చూసిన మూడింటిలోనూ 'అయితే', 'కాకపోతే' చాలా ఉన్నాయి. నాలుగోదైన చదవగలగడం దగ్గర పునాది గట్టిగా ఉంది. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2008లో ప్రకటించిన సౌలభ్య మార్గదర్శకాల రెండో వెర్షన్ ప్రకారం మామూలు అక్షరాలకు, నేపథ్యానికి మధ్య కాంట్రాస్ట్, అంటే వాటి వెలుగుల నిష్పత్తి, కనీసం 4.5:1 ఉండాలి. పెద్ద అక్షరాలకు 3:1 చాలు. ఉన్నత స్థాయికి 7:1 కావాలి. 2018 నాటి 2.1 వెర్షన్ బటన్ల అంచులకు, ఐకాన్లకు కూడా 3:1 షరతు పెట్టింది. 4.5 అన్న అంకె గాల్లోంచి పుట్టింది కాదు. దాదాపు 80 ఏళ్ళ వయసువారిలో సాధారణంగా ఉండే చూపు మేరకు తగ్గిన గ్రహణశక్తిని లెక్కలోకి తీసుకుని పెట్టారు.

ఈ కొలతలో కంటి స్వభావం ఇమిడి ఉంది. తెర మీది తెలుపు మొత్తం వెలుగులో ఆకుపచ్చ పాలు 71.52 శాతం, ఎరుపు 21.26, నీలం 7.22. అందుకే తెల్లటి పేజీ మీద నిండు నీలం అక్షరాలకు 8.6:1 వస్తే, నిండు ఎరుపుకు 4:1 మాత్రమే వస్తుంది. నిండు పసుపుకైతే 1.07:1, అంటే లేనట్టే. అదే పసుపు మీద నల్లటి అక్షరాలు 19కి పైగా తెచ్చుకుంటాయి. నారింజ బటన్ మీద తెల్ల అక్షరాలు వేయడం చాలాచోట్ల కనిపిస్తుంది. దాని నిష్పత్తి 2:1 దగ్గరే ఆగిపోతుంది. బూడిద రంగులో మూడు పాళ్ళూ 118గా ఉంటే తెలుపు మీద 4.54:1తో గట్టెక్కుతుంది, 119 అయితే 4.48:1తో తప్పుతుంది. తెల్ల పేజీ మీద బూడిద అక్షరాలు పెట్టాలనుకున్నవారికి హద్దు అక్కడ ఉంది.

ఇంత స్పష్టమైన నియమం ఉన్నా పాటించేవారు తక్కువ. వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల హోమ్‌పేజీలను పరిశీలిస్తుంది. 2025 నివేదికలో దాదాపు 79 శాతం పేజీల్లో కాంట్రాస్ట్ చాలని అక్షరాలున్నాయి. ఏటా ఆ జాబితాలో మొదటి లోపం ఇదే. ఎండలో నిలబడి ఫోన్ చూసే రైతుకు, వెలుగు తగ్గించుకుని బ్యాటరీ కాపాడుకునే విద్యార్థికి, శుక్లాలు కమ్ముతున్న పెద్దావిడకు ఆ పేజీలు సగం మూసిన తలుపులే. ఎండ పడినప్పుడు తెర మీది నలుపు కూడా తేలిపోతుంది కాబట్టి గదిలో సరిపోయిన నిష్పత్తి బయట సరిపోదు.

వర్ణాంధత్వం ఇందులోనే మరో అంశం. ఉత్తర ఐరోపా సంతతి మగవారిలో సుమారు 8 శాతానికి ఎరుపు–ఆకుపచ్చల మధ్య తేడా సరిగా తెలియదు. దానికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండటం వల్ల ఆడవారిలో ఇది చాలా తక్కువ. మార్క్ జుకర్‌బర్గ్‌కు ఈ లోపం ఉందని, తనకు నీలమే బాగా కనిపిస్తుందని ఆయనే 2010లో చెప్పారు. తప్పు నింపిన గడిని ఎరుపుతో మాత్రమే చూపిస్తే ఇలాంటివారికి అర్థం కాదు. ఎరుపుతోపాటు ఒక గుర్తు, ఒక మాట ఉండాలి.

భారతదేశంలో ఇది మర్యాద స్థాయిని దాటి బాధ్యత అయింది. ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లో మొదలై 2023లో మూడో వెర్షన్‌కు వచ్చాయి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది.

తెలుగు అక్షరానికి ఎంత కావాలి?

పై ప్రమాణాల్లో పెద్ద అక్షరం అంటే 18 పాయింట్లు, లేదా 14 పాయింట్ల బొద్దు అక్షరం. ఇది రోమన్ లిపిని మనసులో పెట్టుకుని చెప్పిన మాట. చైనా, జపాన్, కొరియా లిపులకు తగ్గ సమాన పరిమాణం తీసుకోమని అక్కడే రాశారు. తెలుగు ప్రస్తావన లేదు.

మన లిపిలో ద–ధ, ప–ఫ జంటలను విడదీసేది అడుగున ఒక చిన్న గీత. ఒత్తులు అసలు అక్షరం కంటే చిన్నవిగా, కిందికి దిగి ఉంటాయి. ఒకే వరసలో గుడి, దీర్ఘం, కింద ఒత్తు ఇమడాలి కాబట్టి, అదే పాయింటు పరిమాణంలో ఇంగ్లీషు అక్షరానికి దక్కే మందం తెలుగు ఒత్తుకు దక్కదు. కాంట్రాస్ట్ తగ్గితే మొదట మాయమయ్యేవి ఈ చిన్న భాగాలే. అందుచేత తెలుగు పేజీల్లో పాఠ్యానికి 7:1ను లక్ష్యంగా పెట్టుకోవాలని, శీర్షికలకు కూడా 3:1 సడలింపును వాడుకోకూడదని నా అభిప్రాయం. తెల్లటి లేదా లేత గోధుమ నేపథ్యం మీద బాగా ముదురు బూడిద, ముదురు నీలం, ముదురు గోధుమ రంగులు ఆ హద్దును సులువుగా దాటుతాయి, కాబట్టి దీనివల్ల అందం పోతుందన్న భయం అక్కరలేదు.

చీకటి తెర

2018లో మ్యాక్, 2019లో ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 13 డార్క్ మోడ్ తెచ్చాక వెబ్‌సైట్లకు రెండో రంగుల వరస అవసరమైంది. 2024లో వికీపీడియా కూడా చేరింది. దీని మేళ్ళ గురించి చెప్పేవాటిలో అతిశయం ఉంది. తెలుపు మీద నల్ల అక్షరాలనే యువకులూ వృద్ధులూ మెరుగ్గా చదివారని కోజిమా పీపెన్‌బ్రాక్ బృందం 2013లో చూపింది. బ్యాటరీ ఆదా, ప్రతి చుక్కా తానే వెలిగే ఓలెడ్ తెరలకే వర్తిస్తుంది. పర్డ్యూ విశ్వవిద్యాలయం 2021లో కొలిచినప్పుడు, తెర వెలుగు 30–50 శాతం ఉన్న మామూలు వాడకంలో మిగిలింది సగటున 3 నుంచి 9 శాతం, పూర్తి వెలుగులో 39 నుంచి 47 శాతం.

అయినా రాత్రిపూట చదివేవారికీ, వెలుగు పడనివారికీ అది అవసరమే. రంగులను అద్దంలోలా తిరగేస్తే మాత్రం పని జరగదు. గూగుల్ మెటీరియల్ డిజైన్ సూచనల్లో నేపథ్యం పూర్తి నలుపు కాకుండా #121212 అన్న ముదురు బూడిద కావడానికి, రంగుల గాఢతను తగ్గించమనడానికి కారణం ఉంది. చీకటి మీద నిండు రంగులు అదిరినట్టు కనబడి కంటికి అలసట కలిగిస్తాయి.

పని వరస

ఇవన్నీ కలిపి చూస్తే నిర్ణయాల క్రమం ఒకటి ఏర్పడుతుంది. పండగ ముగ్గులో తెల్లటి గీత ముందు పడి, రంగులు తర్వాత నిండినట్టే, పేజీని మొదట నలుపు, తెలుపు, బూడిదల్లో పూర్తిచేయాలి. ఏది ముఖ్యం, ఏది కాదు, ఎక్కడ నొక్కాలి అన్నవి రంగు లేకుండానే తెలియాలి. తర్వాత ప్రధానమైన రంగు ఒకటి. అది సంస్థ చరిత్ర నుంచో, అమ్మే వస్తువు నుంచో, పాఠకులకు దగ్గరైన దాన్నుంచో రావచ్చు. పెడన కలంకారీ అమ్మేవారికి ఆ బట్టలోని ఎరుపు, నీలిమందు నీలం, నలుపు చేతిలోనే ఉన్నాయి, చక్రం తిప్పాల్సిన పని లేదు. ఆ రంగులో లేత నుంచి ముదురు వరకు తొమ్మిది పది మెట్లు తయారుచేసుకోవాలి. నొక్కే బటన్లకు మాత్రమే మరో రంగు. తప్పు, హెచ్చరిక, విజయం అన్నవాటికి రంగుతోపాటు మాట.

మెట్లు తయారుచేసేటప్పుడు హెచ్‌ఎస్‌ఎల్ అనే పాత లెక్కను నమ్మకూడదు. అందులో నిండు పసుపు, నిండు నీలం రెండింటికీ వెలుగు 50 శాతమే. కంటికి మాత్రం వాటి మధ్య పొంతన లేదు. బ్యోర్న్ ఒట్టొసన్ 2020లో రూపొందించిన ఓకెల్యాబ్ పద్ధతి కంటి గ్రహణానికి దగ్గరగా ఉంటుంది. ఇప్పటి బ్రౌజర్లు దాని రూపమైన ఓకెఎల్‌సీహెచ్‌ను నేరుగా అర్థం చేసుకుంటాయి. 60–30–10 పాళ్ళ సూత్రం గదుల అలంకరణ నుంచి వచ్చింది. నిష్పత్తి గుర్తుంచుకోవడానికి పనికొస్తుంది, అంతకు మించి దానికి శాస్త్రబలం లేదు. పని పూర్తయ్యాక తక్కువ ధర ఫోన్‌లో, మధ్యాహ్నం ఎండలో, వెలుగు సగానికి తగ్గించి ఒకసారి, బ్రౌజర్‌లోని వర్ణాంధత్వ నమూనాతో మరోసారి చూడాలి. ఇంట్లో పెద్దవాళ్ళ చేతికిచ్చి చదివించడం వీటన్నిటికంటే మేలు.

చక్రం, మనస్తత్వం, క్లిక్కుల లెక్క ఈ క్రమంలో తమతమ చోట ఉపయోగపడతాయి, మొదటి స్థానం మాత్రం వాటిది కాదు. మన ముందున్న పెద్ద పని తెలుగు లిపికి తగిన కొలత తీయడం. ఏ పరిమాణంలో, ఏ మందంలో, ఎంత కాంట్రాస్ట్ దగ్గర ఒత్తులు చదవడానికి వీలవుతాయో వేర్వేరు వయసులవారితో, మామూలు ఫోన్ల మీద పరీక్షించి అంకెలు ప్రకటించాలి. రెండు రాష్ట్రాల్లోని సాంకేతిక విద్యాసంస్థలు, ఫాంట్లు తయారుచేసేవారు, పత్రికల డిజిటల్ విభాగాలు కలిస్తే అది అసాధ్యమేమీ కాదు. ఆ అంకెలు చేతికొస్తే తెలుగు పేజీల రంగులను మన కళ్ళకూ మన లిపికీ సరిపడే కొలతతో ఎంచుకోవచ్చు.